ముగ్గుగీత దాటిన కాలు

మా అత్తగారికీ నాకూ మొదటి తగువు ఇంగువ దగ్గర వచ్చింది.

అప్పటికి నేను కాపురానికి వచ్చి ఏడాది నిండలేదు. ఏలూరులో కాలవకి రెండు వీధుల ఇవతల మా ఇల్లు. మావారు బడిపంతులు. మామగారు కోర్టులో గుమాస్తాగిరీ చేసి, ఇప్పుడు అరుగు మీద పేపరు చదువుకునే మనిషి. మిగతా ఇల్లంతా అత్తగారిదే. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చోగానే ఆవిడ అడిగేది.

"పులుసులో ఇంగువ వేశావా, వేసినట్టు నటించావా?"

"వేశానండి."

"మరి నా ముక్కుకి తెలియదేం? కొల్లేటి గట్టున పుట్టినదానివి. చేపల వాసన కాక ఇంకో వాసన కూడా ఉంటుందని మీవాళ్ళు చెప్పలేదు కాబోలు."

నా పుట్టిల్లు కొల్లేటి పక్క పల్లె, నిజమే. మా ఇంట చేపలు వండరు. కాని గాలి ఎవరి గోత్రమూ అడిగి వీయదు కదా, ఆ వాసనలోనే పుట్టి పెరిగాను. దానికి ఈవిడ ఎత్తిపొడుపేమిటని నాకు ఒళ్ళు మండేది. మర్నాడు ఇంకాస్త ఇంగువ వేసేదాన్ని. ఆ మర్నాడు ఇంకాస్త. చివరికి ఒకరోజు మామగారు, పిల్లిని కూడా మీరు అనేటంత మెత్తని మనిషి, నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, బాగుంది. ఇంగువలో కాస్త చింతపండు కూడా పిండినట్టున్నావు" అన్నారు. మావారు బడికి వెళితే ముందు వరస పిల్లలు వెనక వరసలోకి సర్దుకున్నారట. అత్తగారు మాత్రం గట్టిగా ఎగబీల్చి చూసి, "ఊఁహూఁ, చప్పిడి" అంది.

ఆవిడ ముక్కే పనిచేయడం మానేసిందని మాలో ఎవరికీ తట్టలేదు. ఆవిడకీ తట్టలేదు. ఇంట్లో ఏది చెడినా కొత్తకోడలి ఖాతాలో పడేసే రోజులవి. నేను కూడా కొన్నాళ్ళు నా చేతివంటే బాగాలేదనుకున్నాను.

తర్వాత ముగ్గు చిక్కింది. మా అత్తగారి ముగ్గు అంటే వీధిలో పేరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి వదిలితే, దారం పరిచినట్టు పడేది గీత. అలాంటిది, కుడివైపు మొదలుపెట్టిన పద్మం ఎడమవైపుకి వచ్చేసరికి మొగ్గంత అయిపోతోంది. చూసి ఊరుకోవచ్చు కదా. నాకు నోరు ఊరుకోదు.

"అత్తయ్యగారూ, ముగ్గు ఓ పక్క చిక్కిపోయిందండి."

"చిక్కింది ముగ్గు కాదు, నీ చూపు" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

ఇంకొన్నాళ్ళకి ఆ చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కూడా ముగ్గు వేయడం మొదలుపెట్టింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చాలు, బొటనవేలు చూపుడువేలి మీద అలా రాసుకుంటూనే ఉండేది, లేని పిండిని రాలుస్తున్నట్టు. పని చెపితే ఆగేది. చెంబు అందుకుంటే ఆగేది. చెంబు కింద పెట్టగానే మళ్ళీ మొదలు. వైద్యుడుగారు నాడి చూసి కంపవాతం అన్నారు. దూలగొండి గింజల పొడి పాలలో కలిపి ఇచ్చారు. దూలగొండి కాయ నూగు తగిలితే దురద పుడుతుందని అందరికీ తెలుసు. "వణుకు చాలక గోక్కోమంటున్నాడు" అని సణిగినా, పుచ్చుకుంది. కాస్త గుణం కనిపించింది కూడా.

అంతలోనే కాళ్ళు మొరాయించాయి. పుట్టి బుద్ధెరిగాక ఒకచోట కుదురుగా నిలబడని మనిషి, కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగే మనిషి, నడిమింటిలోంచి వంటింటి గడప ముందుకి వచ్చేసరికి నిలబడిపోయేది. "కాళ్ళు నేలకి అతుక్కుపోయాయే" అనేది. మేం చేయి పట్టుకు లాగితే ఒళ్ళు ముందుకి తూలేది గాని పాదం లేచేది కాదు. కాసేపటికి ఏమవుతుందో ఏమో, మళ్ళీ తనంతట తనే కదిలేది. పట్టు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు వదులుతుందో ఎవరికీ అంతు తెలియదు.

ఊళ్ళోనే బంధువుల పెళ్ళి ఒకటి వచ్చింది. అక్కడ పెళ్ళివారి గుమ్మంలో సరిగ్గా ఆ పట్టే పట్టింది. వెనకాల హారతి పళ్ళాలు పట్టుకుని ముత్తయిదువులు బారులు తీరారు. ముందుకి పోదు, వెనక్కి రాదు. ఎవరో "గాలి సోకిందండీ, వేపమండలు తెండి" అన్నారు. ఇంకెవరో నవ్వారు. ఆవిడ ఒక్క మాట అనలేదు. బండిలో ఇంటికి వచ్చి, పట్టుచీర మడిచి పెట్టెలో పెట్టి, "ఇంక నేను వీధి గడప దాటను" అని చెప్పేసింది. నాకు ఆవేళ ఏడుపొచ్చింది. నన్ను రోజుకి పదిసార్లు దులిపే మనిషి నోరు మూసుకుంటే అంత భయం వేస్తుందని నాకు తెలియదు.

అలా నెలలు గడిచాక, తాడేపల్లిగూడెం నుంచి మా ఆడపడుచు భర్త వచ్చాడు. కొత్త ఇల్లు కట్టుకున్నారు, వైశాఖంలో గృహప్రవేశం. అత్తగారికి ఒక్కతే కూతురు. అల్లుడు వినయంగా, "మీరు రాకపోతే మీ అమ్మాయి పాలు పొంగించనంటోందండీ. కుర్చీలో కూచోబెట్టి ఎత్తుకెళ్ళి దింపుతామండీ" అన్నాడు.

"ఎత్తుకెళ్ళి దింపడానికి నేనేమన్నా ధాన్యం బస్తానా బాబూ?" అంది ఆవిడ. "కొత్త ఇంట్లోకి తల్లిని మోసుకొచ్చారంటే మీ అమ్మగారివైపు వాళ్ళు ఏమనుకుంటారు? అచ్చిరాదంటారు. నా కూతురు ఆ మాట జన్మంతా పడాలి. నా కాళ్ళతో నేను గడప దాటగలిగితే వస్తాను. లేకపోతే ఇక్కణ్ణుంచే అక్షింతలు పంపుతాను."

అల్లుడు వెళ్ళాక చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు వెళ్ళాలనుందే" అంది నాతో. అంతకు ముందు ఏదైనా కావాలని ఆవిడ నన్ను అడిగి ఎరుగను.

వేసవి సెలవలకి మా మరిది వచ్చాడు. విశాఖపట్నంలో డాక్టరీ చదువుతున్నాడు. మా ఇద్దరిదీ ఒకే ఈడు. అయినా ఆయన నన్ను మీరు అనేవాడు, నేను ఆయన్ని నువ్వు అనేదాన్ని. వదిన వరస అలాంటిది మరి. వచ్చిన పూటే తల్లి చెయ్యి చూశాడు, లేపి నడిపించాడు, వేళ్ళు వంచి చూశాడు. తర్వాత పెరట్లో నేను వడియాలు పెడుతుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"వదినా, ఇది గాలీ కాదు, ధూళీ కాదు. మెదడులో అడుగువైపు ఓ నల్లటి చార ఉంటుందండీ, కాటుక గీసినట్టు. ఈ జబ్బు వచ్చినవాళ్ళకి ఆ నలుపు వెలిసిపోతుంది. అక్కడుండే నాడీకణాలు చచ్చిపోతాయి."

"మిగతా మెదడో?"

"చాలామటుకు బాగానే ఉంటుంది. ఆ చారని ఆనుకుని ఉన్నవి కూడా అంతగా పోవు."

"అదేమిటయ్యా. పక్కింటివాళ్ళు పచ్చగా ఉంటే, వీళ్ళకే ఎందుకొచ్చింది ఆ చావు?"

"నేనూ అదే అడిగానండీ మా ప్రొఫెసరుగారిని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెలీదోయ్, నువ్వు కనుక్కుంటే నాకు కూడా చెప్పు అన్నారు."

వంటింటి కిటికీలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఒరేయ్, కాళ్ళు పోతే పోయాయేమో గాని చెవులు బాగానే ఉన్నాయి. నా తలకాయలో కాటుక వెలిసిపోయిందా?"

మరిది లేచి నిలబడ్డాడు. "అలాంటిదేనమ్మా."

"కాటుకే కదరా. మళ్ళీ పెట్టలేవా?"

కొన్నాళ్ళు పోతే దానికీ మందు వచ్చింది. ఆ వెలిసిపోయిన కాటుకకి బదులు పనిచేసే పదార్థమేదో మాత్రగా చేసి ఇచ్చారు. దూలగొండి గింజలో ఉండేది కూడా అదేనట. కాని అప్పటికి మా అత్తగారు లేదు. ఆ సెలవల్లో ఆయన చేతిలో ఉన్నవి రెండు లావుపాటి పుస్తకాలు, అంతే.

ఆ శుక్రవారం నాకేదో నోము ఉంది. తలంటుకుని, తడి వరిపిండితో పూజగది నుంచి వంటింటి గడప దాకా పట్టెల ముగ్గు వేశాను, అడ్డగీతలు వరసగా. కొల్లేటి పక్కవాళ్ళం, మాకు సన్నముగ్గులు రావు, పెద్ద పెద్ద పట్టెలే వస్తాయి. వేసి, పొయ్యి మీద పాలు పెట్టి, పెరట్లోకి వెళ్ళి ఆ పని మరిచిపోయాను. పక్కింటావిడతో ఏదో కబుర్లలో పడ్డాను. నేను మొదలుపెడితే ఎప్పటికి ఆపుతానో నాకే తెలియదు. "దీని మాట కొల్లేటి చాంతాడు" అని ఊరికే అనలేదు అత్తగారు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఉంది, గిన్నె దింపి.

"పాలు పొయ్యి పాలు చేశావు. బుద్ధి పుట్టిల్లో మరిచి వచ్చావా?"

"కబుర్లలో పడ్డానండి."

"కబుర్లు కడుపు నింపుతాయా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచి, అలాగే ఉండిపోయాను. "అత్తయ్యగారూ, మీరు వంటింట్లోకి వచ్చేశారండి."

"రాక? పాలు పొంగుతుంటే" అంటూ ఆగిపోయింది. తన పాదాల వంక చూసుకుంది. నేను కేక వేస్తే మరిది పరుగెత్తుకొచ్చాడు. మళ్ళీ నడవమన్నాం. ఆవిడ కుచ్చెళ్ళు కాస్త పైకి ఎత్తి పట్టుకుని, ఒక్కొక్క పట్టే దాటుకుంటూ పూజగది దాకా నడిచింది. చక్కగా, ఎవరి చెయ్యీ పట్టకుండా. పట్టెలు అయిపోయి ఉత్త నేల వచ్చేసరికి కాళ్ళు ఠక్కున ఆగిపోయాయి.

"అమ్మా, ఎలా నడిచావే?"

"ముగ్గు తొక్కకూడదు కదుట్రా. అందుకని కాలెత్తాను."

"ఇక్కడ కూడా ఎత్తు మరి."

ఆవిడ నేల వంక చూసింది. "ఎత్తాలనుకుంటే లేవవురా. తొక్కకూడదనుకుంటే లేచాయి" అంది.

మరిదికి ఆ మాట విన్నాక ఆనందం పట్టలేదు. పుస్తకం తెచ్చి తిరగేశాడు, మూసేశాడు. "వదినా, నడవమని లోపల్నుంచి వచ్చే ఆజ్ఞ ఓ కాలవన వస్తోందనుకోండి. ఆ కాలవ పూడిపోయింది. ఎదర గీత కనపడితే, కంటివైపునుంచి ఇంకో కాలవన నీళ్ళొస్తున్నట్టున్నాయి. నేను అనుకుంటున్నానంతే. ఇది పరీక్షలో రాస్తే సున్నా చుడతారు" అన్నాడు. రెండు కాలవలు కలిసే ఊళ్ళో పుట్టినవాడికి అలాంటి ఆలోచన రావడంలో వింతేముంది.

ఇంక చూడండి మా ఇంటి వైభోగం. పడకగది నుంచి పెరటి నూతి దాకా పట్టెలే పట్టెలు. రోజూ వేయడం, చెరిగిపోతే మళ్ళీ వేయడం. బియ్యప్పిండి చీమలు తింటున్నాయంటే సుద్దతో వేశాను. మామగారు పేపరు పట్టుకుని గెంతుతూ తిరిగేవారు, తొక్కితే తిడతానేమోనని. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏవండీ, ఏదన్నా శుభకార్యమాండీ?" అని అడిగేవారు. వీధి చివర పురోహితుడుగారైతే తనని పిలవకుండా పెళ్ళి కుదిర్చేస్తున్నామనుకుని రెండ్రోజులు అలిగారు. మావారు వెళ్ళి నచ్చజెప్పి రావలసి వచ్చింది.

మొదట్లో అత్తగారు నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది. నాలుగు రోజులు పోయాక ఆవిడే పిలిచింది. "ఏవే, ఆ గీతలు కాస్త ఎడంగా వెయ్యి. మరీ అంత ముసలిదాన్ననుకున్నావా?" ఎడంగా వేశాను. అడుగు సాగింది. అంచెలంచెలుగా వీధి గడప దాకా వచ్చింది. ఆవిడే బయట అరుగు దిగి, నాలుగు గీతలు దాటి, తిరిగి వచ్చి, "గూడేనికి బండి ఎన్నింటికిరా?" అని కొడుకుని అడిగింది. నేను వంటింట్లోకి పారిపోయి కళ్ళు తుడుచుకున్నాను. సంతోషానికి కూడా ఉల్లిపాయలే సాకు.

ఇక్కడో మాట చెప్పి ముందుకి వెళతాను. నాకిప్పుడు ఎనభై దాటాయి. నా మనవరాలు మెదడు గురించే చదువుతోంది. మొన్న దాన్ని కూర్చోబెట్టి, నా పాత ప్రశ్న అడిగాను, పక్కవి బాగుండగా అవే ఎందుకు పోతాయే అని. అది ఎంచక్కా చెప్పింది. ఆ నల్లచారలో కణాలు ఉండేవి కొద్దిగానేనట. కాని ఒక్కొక్కదాని కొమ్మలు మెదడులో ఎక్కడెక్కడికో పాకి, లెక్కలేనన్ని చోట్ల పని అందించాలట. కొల్లేటి చాంతాడన్నమాట. పైగా పనున్నా లేకపోయినా అవి కొట్టుకుంటూనే ఉంటాయట, విశ్రాంతి అన్నది లేదు. అంత సంసారాన్ని మేపాలంటే లోపల పొయ్యి ఆరకూడదు. ఆరని పొయ్యికి మసి తప్పదు. ఆ మసికే అవి లోపల్నుంచి చెడతాయట. పక్క కణాలకి కొమ్మలు తక్కువ, కుదురు ఎక్కువ, మసిని తట్టుకునే ఏర్పాటూ ఎక్కువ.

"ఇంతేనా కారణం?" అన్నాను.

"ఇంతేనని ఎవరూ అనలేరు నానమ్మా. ఇంకా వెతుకుతున్నారు."

వాళ్ళు వెతకనీ. నాకు మాత్రం వింటుంటే మా అత్తగారే కళ్ళముందు కదిలింది. వీధిలో ఎవరి పురుడైనా, ఎవరింట ఆవకాయైనా, ఎవరి తద్దినమైనా ఆవిడ చెయ్యి పడాలి. పనిలేనప్పుడు కూడా ఏదో ఒకటి సర్దుతూనే ఉండేది. మనిషిలోపలా అలాంటివాళ్ళే ముందు అలిసిపోతారని తెలిసి మనసు అదోలా అయింది. ఇంతలో మనవరాలు ఇంకోమాట అంది. ఈ జబ్బులో చాలామందికి వణుకు రావడానికి ఏళ్ళ ముందే వాసన పోతుందట. వాసన పట్టే కణాలు కూడా త్వరగా దెబ్బతినే రకమేనట.

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. "అంటే పులుసులో ఇంగువ నేను వేశానన్నమాట."

అది తెల్లబోయింది. దానికేం తెలుసు. అరవై ఏళ్ళ తర్వాత నా మీద కేసు కొట్టేశారు. ఆ పూట పట్టుబట్టి ఇంగువ వేసి పులుసు పెట్టించుకుని తిన్నాను.

సరే, గూడెం ప్రయాణం. పొద్దున్నే అయిదుగురం పాసింజరు ఎక్కాం. స్టేషను ప్లాట్‌ఫారం మీద మరిది ముందు నడుస్తూ సుద్దముక్కతో గీతలు గీశాడు, అత్తగారు వెనకాల దాటుకుంటూ వచ్చింది. ఇక పెట్టెలో కూచున్నాక ఆవిడకి ఎంత హుషారో. భీమడోలు దాటేదాకా నా పుట్టింటివాళ్ళని, ఉంగుటూరు దాటేదాకా మామగారిని ఏడిపించింది. తీరా తాడేపల్లిగూడెంలో బండి ఆగేసరికి మా పెట్టె ప్లాట్‌ఫారం అవతల నిలిచింది. ఎలాగో దింపాం. కింద కంకర, పక్కన గోతులు. సుద్ద గీయడానికి చోటేది.

మేం నలుగురం మొహాలు చూసుకుంటూ ఉండగానే, బండి కదిలి వెళ్ళిపోయింది. ఎదర ఖాళీ పట్టాలు. పట్టాల కింద వరసగా అడ్డంగా పరిచిన దుంగలు. అత్తగారు వాటి వంక చూసింది.

"ఎవరు వేశారో గాని, మహా చక్కటి పట్టెలు" అంది. కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బయల్దేరింది.

దుంగకీ దుంగకీ అడుగు వేస్తూ ఆవిడ అలా వెళ్ళిపోతుంటే, సామాను పట్టుకుని మేం వెనకాల పరుగు. స్టేషనాయన ఒకాయన జెండా ఊపుకుంటూ ఎదురొచ్చి, "ఏవండీ, పట్టాల మీద నడవకూడదండీ" అని గోల. "కాస్త ఆగండీ, ఇక్కడైతే మా ఆవిడ నడుస్తోందండీ" అని మామగారు ఆయనకి దండం పెట్టారు. ఆ మాటకి ఏమనుకున్నాడో, ఆయన జెండా చంకలో పెట్టుకుని, చేయి అందించి ఆవిడని ప్లాట్‌ఫారం మీదకి ఎక్కించాడు.

కొత్తింటికి చేరేసరికి ముహూర్తం దగ్గర పడింది. మా ఆడపడుచుకి ముందే కబురు పెట్టాను, వీధిగుమ్మం మెట్ల నుంచి నడిమిల్లు దాకా పట్టెలు వెయ్యమని. పాపం వేసింది. కాని గృహప్రవేశమంటే ముందు ఆవు ప్రవేశించాలి కదా. ఆవు వచ్చింది, దూడ వచ్చింది, నడిమింట్లో ఆవు తన శుభాన్ని తాను చేసి వెళ్ళింది. అందరూ చేతులు జోడించారు. ఆ వెంటనే ఎవరో మహాతల్లి రెండు బిందెల నీళ్ళు కుమ్మరించి శుభ్రంగా కడిగేసింది. మేం చూసేసరికి అద్దంలాంటి కొత్త గచ్చు. ఒక్క గీత లేదు.

అత్తగారు గుమ్మం ముందు ఆగిపోయింది. వెనకాల చుట్టాలు, లోపల కూతురి అత్తవారివైపు ముత్తయిదువులు, పురోహితుడు గడియారం చూస్తున్నాడు. పాత పెళ్ళిగుమ్మమే మళ్ళీ. ఎత్తుగా కట్టిన కొత్త గడప, దానికి పసుపు. ఆవిడ చూపు ఆ గడప మీదే ఉంది, పాదం మాత్రం లేవడం లేదు. లోపల్నుంచి ఆడపడుచు, "అమ్మా" అని ఒక్కసారి పిలిచి ఆగిపోయింది.

సుద్ద మరిది జేబులోనే ఉంది, కాని తడి మెట్టు మీద గీత పడదు. నాకేం తోచిందో, ఆవిడ పాదాలకీ గడపకీ మధ్య నా కాలు అడ్డంగా పెట్టాను. పసుపు రాసుకుని, మట్టెలు పెట్టుకున్న కాలు.

"దాటండి అత్తయ్యగారూ."

ఆవిడ నా కాలి వంక చూసింది. కోడలి కాలు తొక్కడమా? కుచ్చెళ్ళు ఎత్తింది. కుడికాలు లేచింది, నా కాలు దాటింది, అదే ఊపున గడప దాటింది. లోపల పడింది. మేళగాళ్ళు అందుకున్నారు. ఆడపడుచు తల్లిని వాటేసుకుంది. మావారు, బడిలో పిల్లల్ని నవ్వనివ్వని మనిషి, చప్పట్లు కొట్టారు.

అంతలో అత్తగారు వెనక్కి తిరిగింది.

"అయ్యో, నీ కాలు దాటానే. ఇటు మళ్ళీ దాటాలి."

"పరవాలేదండి" అన్నాను.

"ఎలా పరవాలేదు? దాటి వదిలేస్తే పిల్లలు ఎదగరు."

"కోడలేమన్నా పసిపిల్లాండీ, పాలు పొంగించాలి, రండి" అన్నాడు పురోహితుడు.

"పందొమ్మిదేళ్ళది. ఇంకా ఎదగాల్సిన పిల్ల" అంది ఆవిడ. ఎవరి మాటా వినలేదు. "కాలు తియ్యకు" అని నాకు చెప్పి, గడప మీదుగా, నా కాలి మీదుగా, ఇవతలకి దాటింది. దాటి, హమ్మయ్య అనుకుంది. అప్పుడు తెలిసింది, తాను మళ్ళీ బయటే ఉన్నానని.

ముందు నవ్వింది ఆవిడే. తర్వాత అందరం నవ్వాం. మళ్ళీ నా కాలు దాటి లోపలికి పోతే మళ్ళీ వెనక్కి దాటాలి, అలా అయితే సాయంత్రం దాకా దాటుతూనే ఉండాలి. నేను కాలు తీసేశాను. పురోహితుడు తల పట్టుకున్నాడు. అంతకుముందే ఎవరో కూతుర్ని దీవించమని ఆవిడ కుడిచేతిలో గుప్పెడు అక్షింతలు పోశారు. నవ్వుకో, కంగారుకో, ఆ చెయ్యి పక్కన వేలాడుతూ మరీ వణకసాగింది. బొటనవేలు చూపుడువేలి మీద రాసుకుంటూ ఎప్పటిలాగే ముగ్గు వేస్తోంది. కాకపోతే ఈసారి చేతిలో నిజంగానే గింజలున్నాయి. పసుపు గింజలు ఒక్కొక్కటే రాలి, తడి మెట్టు మీద, ఆవిడ పాదాల ముందు, వంకరటింకరగా ఓ గీత పడింది.

ఆవిడ కిందకి చూసింది. మేమూ చూశాం.

అక్షింతలు తొక్కకూడదు. ఆవిడ కుడికాలు ఎత్తి, ఆ గీతా గడపా ఒకే అడుగులో దాటి, తన కూతురింట్లోకి నడిచి వెళ్ళింది.

పాలు పొంగాయి. దీవెనలయ్యాయి. అందరూ భోజనాల మీద పడ్డాక నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగి దండం పెట్టాను. చేతిలో మిగిలిన అక్షింతలు నా తల మీద వెయ్యబోయింది. వణికే చెయ్యి కదా, అన్నీ ఒక్కసారిగా పడలేదు. చాలాసేపు పడుతూనే ఉన్నాయి.